తాడు బరువు తీసేస్తే

నడికుప్పం,
పులికాటు ఒడ్డు,
ఆగస్టు 20

విజయకుమారి సిస్టర్‌గారికి రోజారమణి రాయునది.

నేను గుర్తుండకపోవచ్చు. నెల్లూరు ఆసుపత్రిలో నెలలు నిండని బిడ్డల వార్డు, కిటికీ పక్కన ఏడో నంబరు పెట్టె. మా బిడ్డ అందులో పంతొమ్మిది రోజులు ఉన్నాడు. జూలై పదిహేను సోమవారం పోయాడు. మీరు ఆదివారం ఆదివారం పొత్తిళ్లు ట్రస్టు తరఫున వచ్చి, బిడ్డని గుండె మీద పడుకోబెట్టుకోవడం తల్లులకు నేర్పించేవారు. నాకూ నేర్పించారు.

మేము వచ్చేసేటప్పుడు ట్రస్టు వాళ్లు ఐదు కవర్లు చేతిలో పెట్టారు. మీ పేరు, అడ్రసు రాసి స్టాంపులు అంటించి ఉన్నాయి. బిడ్డ పోయిన తల్లులందరికీ ఇస్తారట. మనసులో ఏముంటే అది రాయమన్నారు. ఒక కవరు మా ఆయన పెంచలయ్య పాత సిమ్ కార్డు దాచుకోవడానికి తీసుకున్నాడు. ఇంక నాలుగు ఉన్నాయి. కాబట్టి అనవసరమైనవి రాయను.

ఫోన్ ఎందుకు చెయ్యలేదంటే, ఉన్న ఒక్క ఫోనూ ఆయనతో పాటు పడవలో పోతుంది. ఇంకోటి, మీ గొంతు వింటే వెనకాల ఆ మిషన్ల కూత కూడా వినపడుతుందేమో అని. కాయితం కూయదు.

ఉత్తరం మొదట్లో క్షేమం అని రాయాలని బళ్లో నేర్పారు. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఇక్కడ అందరం తింటున్నాం, పడుకుంటున్నాం. మీకు ఎట్లా తోస్తే అట్లా అనుకోండి.

నాకు కావలసింది ఒకటే. పెట్టెకు తగిలించిన అట్ట మీద రోజూ బిడ్డ బరువు రాసేవారు. పుట్టినప్పుడు 980 గ్రాములు. అంత బరువుండే పండుగప్పని మేము చిన్న చేపల్లో కలిపేస్తాం. డాక్టరు మాత్రం పర్వాలేదన్నాడు. ఆఖరి ఆదివారం, అంటే పద్నాలుగో తేదీ, అట్ట మీద 1140 అని చూసినట్టు గుర్తు. అది నిజమేనా? అట్ట చూసి చెప్పండి. ఎందుకని అడగవద్దు.

ఇట్లు,
రోజారమణి


కృష్ణపట్నం,
సెప్టెంబరు 8

శ్రీమతి రోజారమణి గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చేరింది. మీరు బాగా గుర్తున్నారు. మీ బిడ్డ కూడా గుర్తున్నాడు. ట్రస్టు తరఫున, నా తరఫున సానుభూతి తెలుపుతున్నాను.

నేను ఇక్కడ ఒక కంపెనీ ప్రథమ చికిత్స గదిలో పని చేస్తాను. వార్డుకు వచ్చేది ఆదివారాలు మాత్రమే. అందుకే జవాబు ఆలస్యమైంది. రికార్డు తీయించి చూశాను. జూలై 14న 1140 అనే ఉంది. రాసింది నేనే.

మీరు ఐరన్ మాత్రలు మానకండి. వేళకు తినండి. కనీసం ఏడు గంటలు నిద్ర అవసరం. నీళ్లు ఎక్కువగా తాగండి.

మీ శ్రేయస్సు కోరే,
విజయకుమారి


నడికుప్పం,
అక్టోబరు 6

సిస్టర్‌గారికి,

మాత్రలు వేసుకుంటున్నాను. నీళ్లు తాగుతున్నాను. నిద్ర కూడా పోతున్నాను, మా అత్త కామమ్మ గురక పెట్టని రోజుల్లో.

ఎందుకని అడగవద్దు అన్నాను. మీరు అడగలేదు. అడిగి ఉంటే చెప్పకపోయేదాన్ని. అడగలేదు కాబట్టి చెబుతున్నాను.

పన్నెండో ఏటి నుంచి సూళ్లూరుపేటలో చేపలు అమ్ముతున్నాను. మొదట మా అమ్మతో, తర్వాత ఒక్కదాన్నే. మాకు కాటా లేదు. చెయ్యే కాటా. చేపని అరచేతిలో పెట్టి ఒకసారి పైకి లేపితే ఎంతుందో తెలిసిపోతుంది. మా అమ్మ కళ్లు మూసుకుని చెప్పేది. నేను తెరిచి చెబుతాను, అంతే తేడా.

బిడ్డని కూడా అట్లాగే తూచేదాన్ని. గుండె మీద పెట్టుకోమని చేతికిస్తారు కదా, అప్పుడు. నా చెయ్యి ఒక అంకె చెప్పేది. కాసేపటికి మీ మిషను అదే చెప్పేది. శనివారం రెండూ 1110 అన్నాయి. లోపల గర్వంగా ఉండేది. మిషనుతో పోటీ ఏందని నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

ఆదివారం పొద్దున ఎత్తుకుంటే చెయ్యి 1060 అంది. ఒక్క రోజులో యాభై గ్రాములు తక్కువ. దింపి మళ్లీ ఎత్తాను. మళ్లీ అదే అంది. చెబుదామని మీ వైపు తిరిగాను. అంతలో దాతలు వస్తున్నారు, ఫోటోలు తీస్తారు, తల్లులంతా వరండాలోకి పొండి అన్నారు. పోయాము. మళ్లీ పిలిచేసరికి బిడ్డ పెట్టెలో పడుకుని ఉన్నాడు. అట్ట మీద 1140. మీరు నవ్వుతూ "ముప్పై గ్రాములు పెరిగినాడమ్మా, మీవాడు గట్టోడు" అన్నారు. దాతలు తలా ఒక లడ్డు పెట్టారు. తిన్నాను.

మిషను చెప్పాక చేపలమ్మే చెయ్యి నోరు తెరవకూడదు అనుకున్నాను. సోమవారం పొద్దున పాలు కక్కాడు. ఒళ్లు చల్లబడింది. సూదులు వేశారు. రక్తంలో ఇన్ఫెక్షను, నిన్ననే మొదలై ఉంటుంది అన్నాడు డాక్టరు. మధ్యాహ్నం రెండింటికి అయిపోయింది.

ఇప్పుడు రెండే దారులు. నా చెయ్యి తప్పైతే ఇన్నేళ్లు జనానికి తప్పుడు తూకం వేశాను. ఒప్పైతే, బిడ్డ తగ్గిపోతున్నాడని తెలిసి కూడా లడ్డు తిన్నాను. మొదటిదే అయితే బాగుండు. జనాన్ని క్షమాపణ అడుక్కోవచ్చు.

అది తేలేదాకా చేపలమ్మడం మానేశాను. పెంచలయ్య బ్యాటరీ కాటా కొనుక్కొచ్చి, దాని మీద పీతని పెట్టి చూపించి, "ఇంక నీ చేత్తో పన్లేదు మే" అన్నాడు. నా మంచికే అన్నాడు. నేను దాన్నీ నమ్మలేదు. పీతలు కొనే కామాక్షయ్య ఎప్పుడూ ఒక మాట చెబుతాడు. పీత కొండ్లకు కట్టిన తాడు బరువు తీసెయ్యకపోతే ఎంత మంచి కాటా అయినా అబద్ధమే చెబుతుందట. తడి తాడైతే ఇంకా పెద్ద అబద్ధం. అందుకే ఆయన ముందు ఒట్టి తాడు తూస్తాడు. అట్లాంటి మనిషి మీ వార్డులో కూడా ఒకరుంటారు, మీ మిషను నాకంటే మంచిదే అయి ఉంటుంది. అయినా అడుగుతున్నాను.

నా చెయ్యి తప్పా, ఒప్పా? నర్సుగా మీకు తెలుస్తుంది. ఒక్క మాట రాయండి చాలు.

రోజారమణి


కృష్ణపట్నం,
అక్టోబరు 27

రోజారమణి గారికి,

మీ ఉత్తరం చదివాను. చార్టులో 1140 ఉంది. కాన్పైన తర్వాత పంతొమ్మిది రోజులు మీరు బల్ల మీదే కూర్చుని గడిపారు. అంత అలసటలో చెయ్యి పొరబడటం సహజం. దాని గురించి ఇంక ఆలోచించకండి.

పని చాలా ఉంది. ఇంతకంటే రాయలేకపోతున్నాను.

విజయకుమారి


నడికుప్పం,
డిసెంబరు 8

సిస్టర్‌గారికి,

మంచి మాట చెప్పారు. చెయ్యి పొరబడింది. అయితే చెయ్యాల్సిన పని ఒకటి మిగిలింది. సూళ్లూరుపేట పోయి, వాడికెగా నా దగ్గర కొనే ఇళ్లన్నీ తిరిగాను. పదకొండు ఇళ్లు. గుమ్మంలో నిలబడి, "నా తూకంలో తేడా ఉండిందేమో, మన్నించండి" అని చెప్పాను.

మొదటి ఇంటావిడ తట్టలో ఏమీ లేదని చూసి తలుపు వేసేసింది. రెండో ఇంట్లో "అయితే ఒక పండుగప్ప ఊరికే ఇచ్చి పో" అన్నారు. నాలుగో ఇంట్లో నా ఆరోగ్యం అడిగి టీ ఇచ్చారు. అట్లా పదిళ్లు అయినాయి. పదకొండోది బెన్హర్ సార్ ఇల్లు. బళ్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. నేను చెప్పింది మొత్తం విని, లోపలికి పోయి ఒక చిన్న కాటా పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు.

"ఏమే రోజా, నిన్ను నమ్మి కొంటాండా అనుకున్యావా? నువ్విచ్చిన ప్రతి చేపా లోపలికి తీసకపోయి తూస్తానే ఉండా. సైన్సు వాణ్ని. ఏడేళ్లలో ఒక్కసారి గూడా తగ్గలా."

"నిజంగానా సార్?"

"రెండు సార్లు ఇరవై గ్రాములు ఎక్కువొచ్చింది. చెప్తే సరి చేసుకుంటావని చెప్పలా."

ఆయన మంచి వార్త చెప్పాననుకున్నాడు. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. మా ఊరి బస్సు పోయింది, ఇంకో బస్సు కూడా పోయింది. సార్ వాళ్ల ఆవిడ బయటికి వచ్చి, "మీరేమన్నా అన్నారా పిల్లని" అని ఆయన్ని తిట్టింది.

నేను కూడా మీరు చెప్పిందే నమ్మాలని చూశాను. అలసిపోయింది, సరే. ఇంటికొచ్చి అలసిపోయేదాకా నీళ్లు మోశాను. యాభై బిందెలు. ఊళ్లోవాళ్లు మాకు పెళ్లేమన్నా ఉందా అని అడిగారు. తర్వాత పెంచలయ్య తెచ్చిన పీతలు ఒక్కోటీ ఎత్తి చెప్పాను. కాటాలో వేసి చూశాడు. అన్నీ సరిపోయాయి. పీతలు కూడా అలసిపోయాయేమో అని ఆయన అన్నాడు. ఆయనకు బిడ్డ తూకం సంగతి ఏమీ తెలియదు. తెలియదు కాబట్టి నవ్వాడు.

మొన్న శ్రీహరికోట నుంచి రాకెట్ పోయింది. గిన్నెలు కదిలాయి. టీవీలో దాని బరువు చెప్పారు. "ఎవరు ఎత్తి చూసినారంటా?" అని మా అత్త అడిగింది. నాకు నవ్వొచ్చింది. జూలై తర్వాత అదే మొదటిసారి. ఎవరికైనా చెప్పాలనిపించి రాశాను.

సరే సిస్టర్. చెయ్యి ఒప్పే. అంటే బిడ్డ తగ్గింది నిజం. నాకు తెలిసింది నిజం. నోరు మూసుకుంది నేను. తేలిపోయింది కాబట్టి ఇంక మిమ్మల్ని విసిగించను. మీరేమీ రాయాల్సిన పని లేదు. ఒక కవరు మిగిలింది. దాన్ని పెంచలయ్యకే ఇచ్చేస్తాను, ఇంకో సిమ్ కొన్నాడు.

రోజారమణి


కృష్ణపట్నం,
డిసెంబరు 16

రోజారమణమ్మకు,

ఆ కవరు ఎవరికీ ఇవ్వవద్దు.

నేను మీకు రెండు ఉత్తరాలు రాశాను. మొదటి దాంట్లో ఒక సంగతి దాచాను. రెండో దాంట్లో అబద్ధం చెప్పాను.

ఆ ఆదివారం దాతలు ఉన్ని బట్టలు తెచ్చారు. బిడ్డకొక జత. టోపీ, కోటు, మేజోళ్లు. ఫోటో కోసం తొడగమన్నారు. అందులో ఒకాయన బిడ్డని కాటా మీద పెట్టి తీస్తే బాగుంటుందన్నాడు. కిటికీ దగ్గర వెలుతురు బాగుందని మీవాణ్ని ఎంచుకున్నారు. పెట్టాను. కాటా 1140 చూపించింది. డ్యూటీ సిస్టర్ ఇంకో బిడ్డకు ఆక్సిజన్ పెడుతోంది. ఎట్లాగూ తూచాం కదా, మళ్లీ విప్పి తూచడం ఎందుకని ఆ అంకె అట్ట మీద రాసేశాను. ఉక్కగా ఉందని తర్వాత బట్టలు తీసేశాను. మీరు లోపలికొచ్చేసరికి వాడి ఒంటి మీద ఉన్ని లేదు. నాది ఇరవై రెండేళ్ల సర్వీసు. బిడ్డని బట్టలతో తూచకూడదని కొత్తగా వచ్చే పిల్లలకు నేర్పేది నేనే.

మీ ఉత్తరంలో తాడు గురించి చదివిన రోజు ట్రస్టు గదికి పోయి ఆ జతని కాటా మీద వేశాను. ఎనభై గ్రాములు. 1140లో ఎనభై పోతే 1060. మీ చెయ్యి ఒక్క గ్రాము కూడా తప్పలేదు. ఆ సంగతి తెలిసిన తర్వాతే, మీ చెయ్యి అలసిపోయిందని రాశాను.

బరువు తగ్గిందని ఆదివారమే చూసి ఉంటే రక్త పరీక్ష చేయించేవాళ్లం. మందు ఒక రోజు ముందు పడేది. పడి ఉంటే బతికేవాడా అని డాక్టరుగారిని అడిగాను. అంత చిన్న బిడ్డల్లో ముందుగా పడినా సగం మంది నిలవరు అన్నారు. మిగతా సగం సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒకటి మాత్రం నాకు ఖాయంగా తెలుసు. మీరు ఆ రోజు నోరు తెరిచి చెప్పినా నేను వినేదాన్ని కాదు. మిషను వైపు చూపించి, లడ్డు తినమనేదాన్ని. తప్పు మీ చేతిలో లేదు, నోట్లో లేదు. నా పెన్నులో ఉంది.

దాతలు నాకు పంపిన ఫోటో ఇందులో పెడుతున్నాను. అన్నీ కనిపిస్తాయి. బిడ్డ, ఉన్ని, అంకె. ఇన్నాళ్లూ నా బీరువాలో ఉంది.

మన్నించమని అడగడం లేదు.

విజయకుమారి


నడికుప్పం,
ఫిబ్రవరి 10

విజయకుమారి గారికి,

ఫోటో అందింది. నలగలేదు.

రాయడానికి రెండు నెలలు పట్టింది. మొదటి నెల ఏమీ రాయకూడదనుకున్నాను. రెండో నెల ఏమేమి రాయాలో అనుకున్నాను. అవి ఇక్కడ రాయలేదు. ఒక కవరులో పట్టవు.

మా దగ్గర వాడి ఫోటో ఒక్కటి కూడా లేదు. వార్డులోకి ఫోన్లు రానిచ్చేవారు కాదు. బిడ్డ మొహం మర్చిపోతున్నానని పెంచలయ్య నాతో చెప్పలేక వాళ్ల అమ్మతో చెప్పుకున్నాడట. ఇప్పుడు ఫోటో ఉంది. ఉన్న ఒక్క ఫోటోలోనే మీ తప్పు కూడా ఉంది. చింపితే రెండూ పోతాయి. కాబట్టి చింపలేదు.

కోటు ఆకుపచ్చది. వాడికి బాగుంది.

పెంచలయ్యకు అంతా చెప్పాను. చాలాసేపు వల సర్దుకుంటూ కూర్చున్నాడు. తర్వాత బ్యాటరీ కాటా తీసుకెళ్లి పడవ కింద పెట్టేసి వచ్చాడు. దాని తప్పేం లేదని చెప్పి నేనే మళ్లీ తెచ్చాను.

ఫోటో గోడకు పెట్టాము. కాటా మీద అంకె అట్లా కనిపిస్తూ ఉంటే చూడలేక, కుంకుమ తడిపి దాని మీద బొట్టు పెట్టాను. అంకె మూతపడింది. వచ్చినవాళ్లంతా అడుగుతున్నారు, "ఏందే, బిడ్డకు పెట్టకుండా కాటాకు పెట్టినావు బొట్టు?" అని. బొట్టు పెట్టేది పోయినదానికి కదా, ఆ అంకె పోయింది అని చెబుతున్నాను. మా అత్త మాత్రం అడగలేదు. రోజూ పూలు పెట్టేటప్పుడు బొట్టు చెరిగితే తనే దిద్దుతుంది.

మీ మీద కోపం ఉంది. ఎంత ఉందంటే, అది చేతిలో పెట్టుకుని ఎత్తే వస్తువు కాదు. అట్లాంటిదే అయి ఉంటే గ్రాములతో సహా రాసేదాన్ని.

లడ్డు మాత్రం అరిగింది. ఏడు నెలలు పట్టింది. చెప్పినా వినేదాన్ని కాదని రాశారు కదా, ఆ లైను దగ్గర కాయితం మడత పడి చిరిగింది. అన్నిసార్లు చదివాను.

ఒకటి చెయ్యండి. వాడికి పేరు పెట్టలేదు. మీ అట్ట మీద కూడా రోజారమణి బిడ్డ అని నా పేరే ఉంది. ఒళ్లు ఇసకలో పెట్టి వచ్చేశాం. వాడిది అంటూ మిగిలింది ఆ బరువు ఒక్కటే. అది కూడా తప్పుది ఉండకూడదు. 1060 అని రాయించండి. ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పి రాయించండి, చాటుగా కాదు.

ఆఖరి కవరు ఇదే.

రోజారమణి


కృష్ణపట్నం,
మార్చి 9

రోజారమణమ్మకు,

మీరు చెప్పినట్టే చేశాను. చాటుగా కాదు.

డాక్టరుగారికి, పెద్ద సిస్టర్‌గారికి, ట్రస్టు వాళ్లకు రాసి ఇచ్చాను. పిలిచి అడిగారు. చెప్పాను. మూడు నెలలు నేను కాటా ముట్టకూడదని నిర్ణయించారు. పెద్ద సిస్టర్ నాకంటే పదేళ్లు చిన్నది. ఆ మాట చెప్పడానికి ఇబ్బంది పడింది. నేనే ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

రికార్డులో పాత అంకెని కొట్టేయడానికి వీల్లేదట. పక్కన ఎర్ర సిరాతో రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. పెట్టాను. దాని కలర్ జిరాక్సు ఇందులో ఉంది. ఇప్పుడు వార్డులో తల్లి ముందు తప్ప ఎవరూ బిడ్డని తూచకూడదు. ఒంటి మీద ఏదైనా ఉంటే ముందు దాన్ని విడిగా తూస్తారు. తాడు సంగతి చెప్పిన కామాక్షయ్య ఎవరో తెలియదు గాని, ఆయన పద్ధతి గోడ మీద అంటించి ఉంది.

ఇంకొకటి రాయమని ట్రస్టు వాళ్లు అన్నారు. అడగడానికి నాకు మొహం లేదు, వాళ్లు అడగమన్నారని మాత్రమే రాస్తున్నాను. నాలుగో పెట్టెలో ఒక ఆడపిల్ల ఉంది. 1190. తల్లికి ఇంకా లేచే ఓపిక రాలేదు. గుండె మీద పెట్టుకునేవాళ్లు లేరు. నేను ఆదివారాలు పెట్టుకుంటున్నాను. మిగతా రోజులు ఎవరూ లేరు.

రాకపోతే రాలేదని ఎవరూ అనుకోరు. అనుకుంటే నాతో అనమని చెప్పాను.

విజయకుమారి


నడికుప్పం,
మార్చి 19

విజయక్కకు,

ఇది సిమ్ కార్డు కవరు. పెంచలయ్య తిరిగిచ్చాడు. చేపల వాసన వస్తే ఏమీ అనుకోవద్దు. సిమ్ తీశామో లేదో ఒకసారి చూసుకోండి.

నిన్న సూళ్లూరుపేట పోయాను, తట్టతో. మొదటి ఇంటావిడ ఈసారి తట్ట నిండుగా ఉందని చూసి తలుపు తీసింది. బెన్హర్ సార్ ఒక పండుగప్ప తీసుకున్నాడు. చేత్తో ఎత్తి, కిలో నూట ఇరవై గ్రాములు అన్నాను. నా ఎదురుగానే కాటా తీసి తూచాడు. "ఇంక దాచేదెందుకులే" అన్నాడు. కిలో నూట ఇరవై.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తాను. మా అత్త కూడా వస్తానంటోంది, నాలుగో పెట్టెని చూడటానికి. గురక పెడుతుందని ముందే చెబుతున్నాను. బిడ్డని ఎత్తుతానో లేదో అక్కడికొచ్చాక. ముందు ఉన్ని బట్టలు ఎత్తుతాను. టోపీ ఎంత, కోటు ఎంత, మేజోళ్లు ఎంత, వేరే వేరే చెబుతాను. మీరు రాసుకోండి. కాటా ముట్టకూడదని కదా అన్నారు, పెన్ను ముట్టవచ్చు.

జిరాక్సు కాయితం అందింది. ఎర్ర సిరా బాగా పడింది. "ఉన్ని బట్టలతో తూచినది. బట్టలు 80. బిడ్డ 1060." మీ సంతకం చదవగలిగాను. ఫోటో పక్కన పెట్టబోయే ముందు అరచేతిలో వేసుకుని చూశాను. ఐదు గ్రాములు. పెంచలయ్య ఊరుకోక కాటా తెచ్చాడు.

అదీ ఐదే అంది.

రోజారమణి